ఐదో కదిరప్ప

చిత్తూరు చుట్టుపక్కల మామిడి రైతుల్లో మా మామను ఎరగనివాళ్ళు తక్కువ. ఊరి బయట గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న గదిలో కూర్చుని, కాయల లోడుతో వచ్చిన ట్రాక్టర్లనూ లారీలనూ తూకం వేసి చీటీ చేతికిచ్చే పని ఆయనది. అందరికీ ఆయన 'కాటా సార్'. చీటీ మీద సంతకం 'వి.కె. నాయుడు'. ఆ 'కె' వెనక ఏముందని ఎవరైనా అడిగితే నవ్వేసి, తర్వాతి ట్రాక్టరును రమ్మని చెయ్యి ఊపుతాడు. నా పెళ్ళి కార్డులో మేనమామ పేరు పూర్తిగా అచ్చు వేయించానని చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. కోపమొచ్చి కాదు, సిగ్గేసి. మా మామ బతుకు గురించి ఒక్క మాటలో చెప్పమంటే నేను ఆ మాటే చెబుతాను.

ఆయన పేరు వెదురుకోన పెద్ద కదిరప్ప నాయనింగారు. కాటా గదిలోని ప్లాస్టిక్ కుర్చీ అంత బరువు మోయలేదని నేను ఎగతాళి చేసేదాన్ని.

వెదురుకోన మా అమ్మ పుట్టినూరు. నగరి దారిలో కొండ కింద ఉంటుంది. ఒకప్పుడు ఆ చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ మా అమ్మ పుట్టింటివాళ్ళే పాళెగాళ్ళు. ఇప్పుడు కోటగోడ ముక్క ఒకటి మిగిలింది, దాని మీద ఊరివాళ్ళు పిడకలు చరుస్తారు. ఆ ఇంట్లో పెద్దకొడుక్కి పుట్టిన పెద్దకొడుక్కి తాత పేరే పెట్టాలి. తరం విడిచి తరం అదే పేరు. ఆడపిల్లలం కాబట్టి మా అమ్మా నేనూ తప్పించుకున్నాం.

అట్లా మా మామకు ముందు నలుగురు కదిరప్పలు ఉన్నారు. పేరు ఒకటే కాబట్టి గుర్తుకోసం మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో తోక తగిలించారు. మొదటాయన కోట కదిరప్ప. అడివి కొట్టించి, కోట కట్టి, గుర్రం మీద తిరిగినవాడు. రెండో ఆయన చెరువు కదిరప్ప. రెండు కొండల మధ్య కట్ట పోయించి, ఊరికి నీళ్ళు తెచ్చినవాడు. ఇప్పటికీ వెదురుకోనలో వరి పండుతోందంటే ఆ చెరువు పుణ్యమే. నాలుగో ఆయన బడి కదిరప్ప. తన కచేరీ ఇంటిని పిల్లల చదువుకు ఇచ్చేశాడు. తలపాగా, మెడలో కండువా, పక్కన పూలకుండీతో ఆయన ఫోటో ఇప్పటికీ హెడ్మాస్టరు గదిలో వేలాడుతోంది.

మూడో ఆయనను మా ఇంట్లో వేగంగా దాటేసేవారు. ఆయన చెడ్డ కదిరప్ప. ఏం చెడ్డ అని అడిగితే, "అదంతా మనకెందుకులే" అనేది మా అమ్మ. ఆయనకు పిల్లలు లేరట, దత్తత తెచ్చుకున్నారట, కాబట్టి ఆయన రక్తం మనలో లేదట. అట్లయితే రెండో ఆయన రక్తం మాత్రం ఏ దారిన వచ్చిందని అడిగితే నెత్తిన మొట్టికాయ పడింది. అప్పుడు నాకు పదేళ్ళు కూడా లేవు. ఆ ప్రశ్నను మొట్టికాయతో పాటే మర్చిపోయాను. పెద్దింటి పిల్లలకు ఇలాంటివి మర్చిపోవడం తొందరగానే అలవాటవుతుంది.

మా మామ మర్చిపోలేకపోయాడు. ఎందుకంటే ఆయన ఆ ఊరి బడిలోనే చదివాడు. తాత ఫోటో వేలాడే బడిలో, తాత పేరే పెట్టుకుని. అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వచ్చేసరికి వెనక బెంచీలో పిల్లలు నేల మీద ఉమ్మేవాళ్ళట. అయ్యవారు చూసీ చూడనట్టు పక్క పేరుకు పోయేవాడట. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చి వాళ్ళ నాయనను అడిగాడు. ఆయన పేకముక్కలు కలుపుతూ, "వాడు వేరే, మనోడు వేరే. మనది చెరువు కట్టినోళ్ళ వంశం. తలెత్తుకోని తిరుగు" అన్నాడు.

తలెత్తుకోవడం మా మామకు చేతకాలేదు గానీ, 'వాడు వేరే, మనోడు వేరే' అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. పదో తరగతి అవగానే చిత్తూరు వచ్చేశాడు. భూములు కొన్ని కోర్టుల్లో, కొన్ని వాళ్ళ నాయన పేకాటలో కరిగిపోయాయి. పోయినందుకు ఆయన బాధపడ్డట్టు నేను చూడలేదు. ఫ్యాక్టరీలో మొదట గోతాలు మోసేవాళ్ళ మీద మేస్త్రీగా చేరి, తర్వాత కాటాకు వచ్చాడు. ఆయన తూకంలో ఇటు కాయ అటు పోదని రైతులకు నమ్మకం. గుజ్జుకు పోయే బెంగుళూరా మామిడికాయల కాలంలో రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు నిలబడితే, ఎండలో ఉన్నవాళ్ళకు తన కుండలోని నీళ్ళు తనే తీసుకెళ్ళి ఇచ్చేవాడు. మంచివాడే. వెదురుకోన ట్రాక్టరు వస్తే మాత్రం మానిటరు వెనక తల దించుకుని చీటీ కిటికీలోంచి బయటకు తోసేవాడు.

ఒకసారి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడు పి.ఎఫ్. కాగితాల కోసం ఆధార్ కార్డు పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి ఆయన పేరు మొత్తం బిగ్గరగా చదివాడు. క్యూలో వెదురుకోన ఆడమనిషి ఒకామె ఉంది. ఆమె పక్కకు తిరిగి నేల మీద ఊసింది. అంతే, మాటేమీ అనలేదు. గిరింపేటలో నాకు టైలరింగ్ షాపుంది. మామ ఆ సాయంత్రం వచ్చి కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. టీ తెప్పిస్తే తాగలేదు.

"ఆ యమ్మ నా మింద ఊయలేదు పాపా. పేరు మింద ఊసింది" అన్నాడు. "నేను ఎవురికేం చేసినాను? అని అడగాలనిపించింది. నోరు రాలా."

"అడగాల్సింది మామా. వాడు వేరే, నువ్వు వేరే గదా?"

ఆయన నా మొహం కేసి చూసి, లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట మీద నమ్మకం ఉన్నవాడు అట్లా వెళ్ళడని నాకు అప్పుడే తట్టి ఉండాలి.

ఆ ఊరివాళ్ళ ఊసుడు వెనక ఉన్నది కట్టమ్మ జాతర. కథ ఊళ్ళో అందరికీ తెలుసు. చెరువు కట్ట పోస్తున్నప్పుడు ప్రతి వానకూ ఒక్కచోటే గండి పడేదట. ఆడపిల్లను ఇస్తే నిలుస్తుందని ఎవరో దొర చెవిలో వేశారట. మట్టి తట్టలు మోసే కూలీల్లో ఒక పిల్లను పట్టుకొచ్చి గండిలో పెట్టి పైన మట్టి తొక్కించారట. కట్ట నిలిచింది. ఆ పిల్ల కట్టమ్మ అయింది. ఏటా వైశాఖంలో, మామిడి కోతలు మొదలవకముందు, ఊరివాళ్ళు చెరువు మట్టితోనే కట్ట మీద ఒక దొర బొమ్మను పడుకోబెట్టినట్టు చేస్తారు. మీసాలు, పొట్ట, తలపాగా అన్నీ ఉంటాయి. ఆ పిల్ల పుట్టిన వంశంవాడు ఒకడు దాని రొమ్ము మీదికెక్కి, మా బిడ్డను తొక్కినోడు ఎవుడురా అని ఊరిని అడుగుతాడు. ఊరంతా ఒక్క గొంతుతో దొర పేరు చెబుతుంది. ఆ తర్వాత తిట్లు. ఆ తర్వాత ఆడవాళ్ళు పొరకలు తీసుకుని బొమ్మ మీద పడతారు. బొమ్మ మళ్ళీ మట్టిలో కలిసేదాకా కొడతారు.

ఆ దొర మూడో కదిరప్ప అని మా ఇంటి లెక్క. జాతర రోజు మా వాళ్ళు ఇంటికి తాళం వేసి కాళహస్తికి వెళ్ళిపోయేవారు. మామ చిత్తూరు వచ్చాక కూడా ఆ రోజున గడప దాటేవాడు కాదు. కొడుకు మునిప్రసాద్ చిన్నప్పుడు అడిగితే, ఆ రోజు మనం ఊరికి పోకూడదు, అంటు అని చెప్పారు. బొమ్మ ఎవరిదంటే రాక్షసుడిదని వాళ్ళమ్మ, మా జ్ఞానాంబత్త, చెప్పింది. వాడు నమ్మాడు. చిత్తూరులో పుట్టి పెరిగిన పిల్లాడు, ఊరితో వాడికేం పని?

పని ఇప్పుడొచ్చింది. మునిప్రసాద్ తిరుపతిలో ఒక హోటల్లో రిసెప్షను చూసుకుంటాడు. ఈ మధ్య వాడికి వంశం పిచ్చి పట్టింది. కారు వెనక అద్దం మీద 'వెదురుకోన సంస్థానం' అని అంటించాడు. కోటగోడ దగ్గర నిలబడి మీసం తిప్పుతూ రీల్సు తీశాడు, పిడకలు కనబడకుండా. వాడి పెళ్ళాం అమల బంగారం లాంటి పిల్ల. వాడి వేషాలు చూసి నవ్వుకుంటుంది. వాళ్ళకు మొగపిల్లవాడు పుట్టాడు. పెద్దకొడుకు పెద్దకొడుకు. ఇంకేముంది, కదిరప్ప కావాలి.

"నాయనా, పేరు పెట్టేది ఊర్లోనే పెడతాము" అని ఫోను చేశాడు. "చెరువు కట్ట మింద, మన ముత్తాతలు కట్టిన చెరువు గట్టునే. జాతర దినమైతే ఊరంతా ఉంటారు. అంటూ గింటూ ఈ కాలంలో ఎవురు చూస్తారు? భోజనాలు కూడా మనమే పెడదాం. కదిరప్ప నాయని అని మైకులో చెప్తే ఊరు ఊరంతా సప్పట్లు కొట్టాల."

మా మామ 'వొద్దురా' అనలేకపోయాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. వారం పాటు ప్రతి సాయంత్రం తిరుపతికి ఫోను చేసి, పిల్లోడు పాలు తాగుతున్నాడా, అమల బాగుందా అని అడిగి పెట్టేశాడు. అసలు మాట మాత్రం ఎత్తలేదు. "నా కొడుకు నా పేరు జూసి తలెత్తుకున్నాడు పాపా. నాకు చేతగానిది వాడికి అయింది. దాన్ని నేనే ఎట్లా తుంచేది?" అన్నాడు. మరి మనవడి సంగతేమిటి అని నేను అడిగాను. రేపు ఆ పసివాడు కూడా బడిలో కూర్చుంటాడు గదా, ఊసేవాళ్ళు ఊస్తారు గదా అన్నాను.

కొడుక్కి చెప్పకుండా ఆయన ఒక వంకర దారి వెతుక్కున్నాడు.

ఒక ఆదివారం పొద్దున నా స్కూటీ ఎక్కి, "వెదురుకోన పోదాం పద" అన్నాడు. బొమ్మ మీదికెక్కి అడిగే వంశంలో ఇప్పుడున్న పెద్దమనిషి కుప్పయ్య. నాలుగెకరాల మామిడితోట, కాటా దగ్గర మామకు ముఖపరిచయం. ఆయనను కలిసి, ఈ ఒక్క యేడూ జాతరలో పేరు తియ్యొద్దని అడుగుతాడట. దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను. కొడుకుతో చెప్పలేని మాట ఊరితో చెప్తావా, కొంపలంటుకుంటే బావి తవ్వుతావా అన్నాను. ఆయన వెనక కూర్చుని ఊఁ కొట్టాడు.

కుప్పయ్య మమ్మల్ని వాకిట్లో చూసి కంగారుపడి లోపలినుంచి కుర్చీ తెచ్చాడు. తను అరుగు మీద కూర్చున్నాడు. మామ ఆ కుర్చీలో కూర్చోలేక, లేచి ఆయన పక్కనే అరుగు మీద కూర్చుంటే ఆయన ఇంకా కంగారుపడ్డాడు. కూతురు నాగవేణి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఆమె. ఇచ్చి వెళ్ళిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

మామ వానల గురించి, కాయ గురించి మాట్లాడాడు. చివరికి అసలు మాటకొచ్చాడు. మనవడు పుట్టినాడు, పేరు పెట్టాల, కొడుక్కి సంగతి తెలీదు అని నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అంతే కాదు కుప్పయ్యా, మీరు తిట్టే ఆ కదిరప్ప మూడో ఆయన. మావోడు రెండో ఆయన, చెరువు కట్టినాయన. పేరు ఒగటే అయిపోయి మాకీ నింద" అన్నాడు.

కుప్పయ్యకు మా మామ మీద జాలి కలిగినట్టుంది.

"ఏమో సామీ, మీ వంశం సంగతులు నాకేం తెలుసు?" అన్నాడు మెల్లగా. "చెరువు కట్టేటప్పుడు గదా పిల్లను కట్టలో తొక్కింది? కట్టినోడు ఒగడు, తొక్కినోడు ఇంగొకడు ఎట్లయితారు? చెరువు ఒగటే గదా."

ఆ మాట విన్నప్పుడు నాకు మొహం మీద ఎవరో కొట్టినట్టయింది. ఎంత చిన్న ప్రశ్న! ఇన్ని తరాలు, ఇంతమంది చదువుకున్నవాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు. తట్టలేదనడం అబద్ధం. తట్టనివ్వలేదు. పేర్లన్నీ ఒకటే కదా, ఏ పని ఎవరి ఖాతాలో వేసినా అడిగేవాళ్ళు లేరు. పుణ్యమంతా ఒక కదిరప్పకు వేసి, పాపం ఇంకొకడికి వేసి, ఆ పాపపు కదిరప్పకు పిల్లలు లేకుండా చేసి, మేము చేతులు కడుక్కున్నాం. మొట్టికాయ వేసిన మా అమ్మకు కూడా ఇది తెలుసనే ఇప్పుడు అనుకుంటున్నాను.

మామ వైపు చూశాను. ఆయనకు ఆశ్చర్యం లేదు. కాటా గదిలో తల దించుకున్నప్పుడల్లా ఆయన దించుకున్నది దీనికే.

"అవును కుప్పయ్యా" అన్నాడు. "ఒగడే." "అయినా అడగతా ఉండాను. ఈ యేడు ఒక్కటి పేరు వదిలేయండి. నా కొడుకు ముందర" అని చేతులు జోడించాడు. అరవై దాటిన మనిషి.

గుమ్మం దగ్గర నాగవేణి అప్పటిదాకా బిగబట్టుకున్న నోరు విప్పింది.

"మీ పేరు దాచేదానికి గూడా మేమే కావల్నా సార్? మా పిల్ల పేరేందో మాకే తెలీదు. కట్టమ్మ అంటా ఉండాము. కట్టలో పూడ్చినారు కాబట్టి కట్టమ్మ. తల్లి పిలిచిన పేరు యాడ పోయిందో ఎవురికీ తెలీదు. మీ పేరు మాత్రం తరతరానికీ పెట్టుకోని, చెడిపోకుండా పెట్టుకున్నారు. ఇప్పుడేమో దాన్ని పలకొద్దంటా ఉండారు."

"ఊరుకో బిడ్డా. ఇంటికొచ్చినోళ్ళు" అన్నాడు కుప్పయ్య. మామతో, "మీరు అడిగినారు. కాదంటే బాగుండదు సామీ. మావోళ్ళకు చెప్తా" అన్నాడు.

పని అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ మీద నేను తిట్టలేదు. తిట్టడానికి నాకూ మొహం చెల్లలేదు. మామ ఒక్క మాట అన్నాడు, గాలిలో సరిగ్గా వినబడక మళ్ళీ చెప్పించుకున్నాను. "ఆ పిల్ల పేరు గురించి నేను ఒక్కనాడూ తలుసుకోలేదు పాపా" అన్నాడు. నేనూ తలచుకోలేదు.

జాతర రోజు మునిప్రసాద్ పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. చెరువు కట్ట మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఫోనులో దొరికిన ఏదో రాజు బొమ్మ, చేతిలో కత్తి, కింద పసివాడి ఫోటోకు కిరీటం. 'వెదురుకోన సంస్థానాధీశులు' అని బంగారు రంగు అక్షరాలు. ఊరివాళ్ళు వచ్చారు, భోంచేశారు, పసివాణ్ణి చూసి మెటికలు విరిచారు. ఫ్లెక్సీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా దాటారు. వాళ్ళు గౌరవంగా తప్పుకుంటున్నారని మునిప్రసాద్ మురిసిపోయాడు. నాకు ఆ ఫ్లెక్సీని చింపి పారెయ్యాలనిపించింది.

పొద్దు వాలుతుండగా అందరూ కట్ట మీదికి చేరారు. మట్టి దొర వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పచ్చి మట్టి ఎండకు అక్కడక్కడా పగిలింది. "ఇది ఎవరు అత్తమ్మా?" అని అమల అడిగింది. "రాక్షసుడు" అంది జ్ఞానాంబత్త, చెరువు వైపు చూస్తూ. బొమ్మ పని అయిపోయాక మైకు తీసుకుని పేరు ప్రకటిస్తానని మునిప్రసాద్ పిల్లవాణ్ణి ఎత్తుకుని ముందు వరసలో నిలబడ్డాడు. మామ నా పక్కన ఉన్నాడు.

డప్పులు ఆగాయి. కుప్పయ్య కండువా నడుముకు బిగించి, బొమ్మ రొమ్ము మీదికెక్కాడు.

"మా బిడ్డను కట్టలో తొక్కినోడు ఎవుడురా?"

ఎవరూ పలకలేదు.

అంత మందిలో ఒక్క గొంతు లేవలేదు. తలలు దించుకున్నారు. ఒక చిన్నపిల్ల అలవాటు చొప్పున నోరు తెరిస్తే, తల్లి గబుక్కున మూసింది. వాళ్ళు మాట నిలబెట్టుకుంటున్నారు. మా కోసం. ఏటా ఒక్కసారి, ఆ పిల్ల కోసం వాళ్ళకున్నది ఆ ఒక్క జవాబు. అది కూడా మేము భోజనం పెట్టి లాక్కున్నాం. తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

కుప్పయ్య మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు నీరసంగా ఉంది, అడిగేవాడే జవాబు వద్దనుకుంటున్నట్టు. నాగవేణి పొరక పట్టుకుని వరస చివర నిలబడి ఉంది. ఆమె బొమ్మను చూడటం లేదు. మా మామను చూస్తోంది.

మామ మొహం చెమటతో తడిసిపోయింది. పై కండువా తీసి నా చేతికిచ్చాడు. నేను ఆపుదామనుకున్నాను, ఎందుకో ఆపలేదు. ఆయన మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు నడిచి బొమ్మ పాదాల దగ్గర నిలబడ్డాడు.

"కదిరప్ప నాయుడు" అన్నాడు.

అది నాకే సరిగ్గా వినబడలేదు. కుప్పయ్య పైనుంచి చూసి, "వొద్దులే సామీ" అన్నాడు.

"అడుగు కుప్పయ్యా. మీరు అడగాల్సింది అడగండి" అన్నాడు మామ.

కుప్పయ్య అడిగాడు.

"వెదురుకోన పెద్ద కదిరప్ప నాయుడు!" మా మామ అంత గట్టిగా అరవగలడని నాకు తెలీదు. "చెరువు కట్టినోడే! పిల్లను తొక్కినోడే! ఇద్దరు కాదు, ఒగడే. మావోడే!"

అప్పుడు ఊరు అందుకుంది. ఆ పేరు కట్ట ఈ చివరినుంచి ఆ చివరిదాకా లేచింది. తిట్లు లేచాయి. డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు పొరకలతో బొమ్మ మీద పడ్డారు. అందరికంటే ముందు నాగవేణి ఉంది. మట్టి ఎగిరి మామ చొక్కా మీద, మొహం మీద పడుతోంది. ఆయన తుడుచుకోలేదు, పక్కకు జరగలేదు. తల దించుకుని నిలబడ్డాడు. నేను చూసిన మనుషుల్లో అంత సిగ్గుతో నిలబడ్డ మనిషి ఇంకొకరు లేరు. అయినా ఆయన కదల్లేదు.

మునిప్రసాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వాడి మొహంలో రక్తం లేదు. "ఏంది నాయనా ఇది? నీ పేరు గదా వీళ్ళు... మన పేరు గదా..." అంటున్నాడు. చుట్టూ బూతులు ఇంకా ఎక్కువయ్యాయి. అమ్మను, ఆలిని, వంశాన్ని, ఎవర్నీ వదలటం లేదు. పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. మునిప్రసాద్ వాణ్ణి ఎదకు అదుముకుని, పెద్ద అరచేత్తో ఒక చెవి, రొమ్ముకు ఆనించి ఒక చెవి మూసేశాడు.

"పాండి నాయనా, పోదాము. నాకు అర్థమయింది. వీడికి ఆ పేరు వొద్దు."

"వొద్దు" అన్నాడు మామ. "ఆ పేరు నాతోనే పోనీ." మట్టి చేత్తోనే కొడుకు చెయ్యి పట్టుకుని, పసివాడి చెవి మీదినుంచి మెల్లగా లాగాడు. "చెవులు మాత్రం మూయొద్దురా. విననీ."

మునిప్రసాద్ తండ్రి మొహం చూశాడు. తర్వాత రెండో చెవి కూడా వదిలేశాడు.